పాడియావు నిచ్చి పెయ్యలను గొనవచ్చునా?

ఒక గృహస్థుని కొట్టములో పూటకు నాలుగు శేర్లు పాలిచ్చు ఆవు కలదు. పొరుగూరి వాడొకడు వచ్చి, "ఆ యావును నాకిమ్ము. బదులుగా మూడు పెయ్యలను ఇచ్చెదను. ఇవి పెరిగి యీనినచో నీ యింట పాలు పొంగిపొరలును" అని అడిగినాడనుకొందము. ఇల్లాలేమి చెప్పవలెను? ఈ పూట బిడ్డకు పాలు కావలెను. పెయ్యలు ఎప్పటికి ఈనునో, ఈనినను ఎన్ని పాలిచ్చునో ఎవరెరుగుదురు? అయినను ఆవు ముసలిదగుచున్నది గదా! ఈ రెండు తలంపుల నడుమ పడి నలిగిన ఇల్లాండ్రు మన పల్లెలలో నెందరో యుందురు.

ఈ ప్రశ్నయే అమెరికా దేశమున బాస్కెట్‌బాలు జట్ల యజమానులకు ఏటేట ఎదురగుచుండును. గెలుపులు తెచ్చిపెట్టిన మేటి క్రీడాకారిణిని మరియొక జట్టున కిచ్చివేసి, బదులుగా ఇంకను పేరు రాని లేతవారిని, రాబోవు సంవత్సరములలో క్రొత్తవారిని ఎన్నుకొను హక్కులను పుచ్చుకొనవచ్చునా, కూడదా? ఆటల సంగతి ఆడువారికేల యని యెవరైన నవ్వవచ్చును. కాని ఉన్నదానిని విడిచి రానున్నదానిని నమ్ముట యెప్పుడు వివేకము, ఎప్పుడు వెఱ్ఱి యనునది ఇంటింటి ప్రశ్నయే గావున మేము దీనిని విచారింప బూనితిమి.

మొదట ఆటను గూర్చి రెండు మాటలు. 1891వ సంవత్సరము డిసెంబరు మాసమున స్ప్రింగ్‌ఫీల్డు పట్టణములో జేమ్స్ నైస్మిత్ అను ఉపాధ్యాయుడు చలికాలమున విద్యార్థులు లోపలనే ఆడుకొనుటకై పీచుపండ్ల బుట్టలు రెండింటిని గోడలకు వ్రేలాడగట్టి ఈ యాటను కల్పించెను. మరుసటి యేడే ఆ చేరువనున్న స్మిత్ కళాశాలలో సెండా బెరెన్‌సన్ అను ఉపాధ్యాయిని దానిని స్త్రీలకు నేర్పెను. 1893లో ఆ కళాశాల బాలికలు ఆడిన తొలిపందెమును జూచుటకు పురుషులను రానీయలేదట! కావున ఈ యాట పుట్టిన నాటనుండియు మన స్త్రీజాతికి చుట్టమే.

నేడు అమెరికాలో పురుషులకు ఎన్.బి.ఏ. యనియు, స్త్రీలకు డబ్ల్యు.ఎన్.బి.ఏ. యనియు జీతములిచ్చి ఆడించు సంఘములు కలవు. స్త్రీల సంఘము 1996లో నేర్పడి 1997లో పందెములు మొదలిడెను. కళాశాలలనుండి వచ్చు క్రొత్తవారిని జట్లు వంతుల ప్రకారము ఎన్నుకొనును. దీనికి డ్రాఫ్టు అని పేరు. సామాన్యముగా ముందటేడు ఓడినవారికి ముందువంతు దక్కును. ఇది బలహీనులకు చేయూత. ఈ వంతులను సయితము జట్లు ఒండొరులకు ఇచ్చిపుచ్చుకొనవచ్చును. ఇంకను పుట్టని పంటను పొలముమీదనే అమ్మినట్లు, ఎవరు రానున్నారో తెలియని వంతులమీద బేరములు సాగుచుండును. మన పెద్దలు "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అన్నది ఇట్టివారిని జూచియే కాబోలు!

ఇక నొక నిజమైన కథను చెప్పెదము. ఎలేనా డెల్లే డాన్ అను నామె డెలవేర్ రాష్ట్రమున పుట్టినది. ఆరడుగుల అయిదంగుళముల పొడవు. దూరమునుండి బంతిని వేయుటలో అందె వేసిన చేయి. ఆమె అక్క పుట్టుకతోనే చూపును, వినికిడియు లేనిది. చెల్లెలిని స్పర్శచేతను వాసనచేతను మాత్రమే గుర్తింపగలదు. దూరముననుండి ఉత్తరము వ్రాసినను, టెలిఫోనులో పలికినను ఆ యక్కకు చేరదు. 2008లో డెల్లే డాన్ దేశములోనెల్ల పేరుమోసిన కనెక్టికట్టు విశ్వవిద్యాలయమున చేరి, రెండు దినములకే విడిచి ఇంటికి మరలి వచ్చెను. ఇంటికడనున్న డెలవేర్ విశ్వవిద్యాలయముననే చదివి యాడెను. కీర్తికంటె అక్కచేతి స్పర్శయే మిన్న యని తలచిన ఆమెను మన పాఠకురాండ్రు మెచ్చుకొనకపోరు.

2013లో షికాగో స్కై అను జట్టు తన రెండవ వంతున ఆమెను ఎన్నుకొనెను. మరుసటి సంవత్సరమే ఆ జట్టు తుదిపోటీకి జేరెను. 2015లో సంఘమంతటిలో ఉత్తమ క్రీడాకారిణి యను బిరుదు ఆమెకు లభించెను. 2016లో రియో ఒలింపిక్కులలో బంగారుపతకము. ఇట్టి ఆమె ఒప్పందపు గడువు తీరవచ్చినప్పుడు ఇంటికి చేరువనున్న ఊరిలో ఆడవలెనని కోరెను. షికాగోవారు చిక్కున పడిరి. పట్టుబట్టి నిలుపుదమన్నచో మనసు లేని మనిషితో కాపురము. ఊరకే పోనిచ్చినచో చేతికేమియు మిగులదు.

2017 ఫిబ్రవరి మాసమున వారామెను వాషింగ్టన్ మిస్టిక్స్ జట్టునకు ఇచ్చివేసిరి. బదులుగా స్టెఫనీ డాల్సన్ అను పొడగరిని, ఒక్క యేడు మాత్రమే ఆడిన కాలియా కాపర్ అను చిన్నదానిని, ఆ యేటి డ్రాఫ్టులో రెండవ వంతును పుచ్చుకొనిరి. ఆ వంతునకే అందరి కన్నులు. దానితో వారు సౌత్ కరోలినా విశ్వవిద్యాలయపు అలెయినా కోట్స్‌ను ఎన్నుకొనిరి. కాపర్ బేరములో పైకొసరుగా వచ్చినదనియే పలువురు తలచిరి.

పిమ్మట నేమి జరిగెనో చూడుడు. కోట్స్ చీలమండ గాయముచే మొదటి యేడు ఒక్క ఆటయు ఆడలేదు. 2019లో జట్టు ఆమెను వదలుకొనెను. షికాగో 2017లో 34 ఆటలలో 12, 2018లో 13 మాత్రమే గెలిచెను. వాషింగ్టనో? 2018లో తుదిపోటీకి జేరి ఓడెను. 2019లో 34 ఆటలలో 26 గెలిచి, ఆ జట్టు చరిత్రలో తొలిసారిగా విజేతృత్వమును బడసెను. డెల్లే డాన్ రెండవసారి ఉత్తమ క్రీడాకారిణి యయ్యెను. తుదిపోటీలలో వెన్నెముక బాధతోనే ఆడి జట్టును గెలిపించెను. ఆనాడు లెక్క వేసినవారెల్లరు, "ఆవును అమ్ముకొన్న షికాగోవారు మోసపోయిరి" అని తీర్పు చెప్పియుందురు.

కాని కాలము ఇంకను కొంత నడిచెను. డెల్లే డాన్ 2020లో ఆడలేదు. వెన్నునకు శస్త్రచికిత్సలు జరుగగా 2021లో మూడు ఆటలు మాత్రమే ఆడగలిగెను. ఈ నడుమ షికాగోలో కొసరుగా వచ్చిన కాపర్ మెల్లమెల్లగా ఎదిగెను. తొలియేండ్లలో బల్లమీద కూర్చుండి తన వంతుకై ఎదురుచూచినది, 2020 నాటికి జట్టునకు పట్టుగొమ్మ యయ్యెను. 2021లో కాండేస్ పార్కర్ అను ప్రసిద్ధురాలు తన సొంతగడ్డయగు షికాగో ప్రాంతమునకు మరలి వచ్చి జట్టులో చేరెను. ఆ యేడు షికాగో 32 ఆటలలో 16 గెలిచి 16 ఓడినను, తుదకు ఫీనిక్స్‌ను ఓడించి తన తొలి విజేతృత్వమును గాంచెను. తుదిపోటీలలో ఉత్తమురాలిగా ఎన్నబడినది ఆ కొసరు పిల్ల కాలియా కాపరే! డాల్సన్ కూడ ఆ జట్టులో నుండెను.

చూచితిరా! ఒకే బేరమున ఇరువురును గెలిచిరి. ఒకరికి రెండేండ్లలో, మరియొకరికి నాలుగేండ్లలో ఫలము చేతికందెను. అందరును ఆశపెట్టుకొన్న పెయ్య వట్టిపోయెను. ఎవరును లెక్కింపనిది పాడి కుండ నింపెను. కావున ఇట్టి బేరమును మరునాడే తూచి మంచిదని గాని చెడ్డదని గాని పలుకుట తొందరపాటు.

అయినను, "పెక్కుమంది లేతవారు కలిసినచో ఒక మేటికి సరిపోవుదురు" అను మాటను మేము సులభముగా ఒప్పుకొనము. ఈ యాటలో ఒక్కమారు నేలమీద నిలుచునది అయిదుగురే. పదునొకండుగురు ఆడు క్రికెట్టులో ఒకని లోటు పదిమంది పూడ్తురు. ఇచ్చట ఒక్కరనగా జట్టులో అయిదవ వంతు. నలుగురు మధ్యములను తెచ్చినను నలుగురికి చోటు కావలెను. మేటి యాక్రమించు చోటు ఒక్కటే. భారతమున యుద్ధమునకు ముందు దుర్యోధనుడును అర్జునుడును ద్వారకకు పోయినప్పటి కథ అందరమెరిగినదే. ఒకవంక నారాయణసేన యంతయు, ఒకవంక ఆయుధము పట్టనని చెప్పిన కృష్ణుడొక్కడు. అర్జునుడు ఒక్కనినే కోరెను. సేనను పొందితిననుకొన్న దుర్యోధనుడు సంతసించి పోయెను. ఎవరి బేరము మేలయ్యెనో చెప్పనక్కఱలేదు.

పురుషుల సంఘమున నిట్టి ఉదాహరణ మొకటి కలదు. మిల్వాకీ బక్స్ అను జట్టు 1968లో పుట్టి, కరీం అబ్దుల్ జబ్బార్ బలమున 1971లోనే విజేత యయ్యెను. ఆయన ఆ యూరు విడువగోరగా 1975లో లాస్ ఏంజిలిస్ లేకర్స్ జట్టున కిచ్చి నలుగురిని పుచ్చుకొనిరి. అందిరువురు ఆ యేటి డ్రాఫ్టున ఎన్నికైన కొత్తవారు. ఆ నలుగురు చెడ్డవారు కారు. మిల్వాకీ 1980వ దశకమున మంచి జట్టుగనే పేరుగాంచెను. కాని విజేతృత్వము మరల దక్కుటకు 2021 వఱకు, అనగా ఏబది యేండ్లు, వేచియుండవలసి వచ్చెను. జబ్బార్ లేకర్స్‌తో అయిదుమార్లు విజేత యయ్యెను. మంచివారు నలుగురు కలిసి జట్టును నిలుపగలరు. శిఖరమునకు చేర్చుటకు మేటి యొకడు కావలెనని దీనివలన తెలియుచున్నది.

ఇక రెండవ పక్షమును వినుడు. రామాయణమున విశ్వామిత్రుడు యాగరక్షణకై దశరథుని యొద్దకు వచ్చి రాముని అడిగెను. పదునాఱేండ్లు నిండని బాలుని పంపలేక దశరథుడు, "అక్షౌహిణీ సేనతో నేనే వచ్చెదను" అనెను. ఆరితేరిన రాజు, ఆరితేరిన సేన! మునికి అవి యక్కఱలేకపోయెను; ఆయనకు కావలసినది ఆ లేతబాలుడే. ఇందులకు కారణ మేమన, బాలునిలోని తేజమును గుర్తించు కన్ను ఆయనకు కలదు. అంతకంటె ముఖ్యముగా, దారిలోనే బల అతిబలలను, పిదప అస్త్రములను ఉపదేశించి ఆ తేజమును పెంపొందించు విద్యయు ఆయనకు కలదు. గుర్తించుట యొకటి, పెంచుట యొకటి. రెండును ఉన్నవానికే లేతవారిని నమ్ము నధికారము.

ఓక్లహోమా సిటీ థండర్ జట్టు కథ ఇట్టిదే. 2019 జూలైలో పాల్ జార్జి అను మేటి క్రీడాకారుడు తన్ను పంపివేయుడని కోరగా, వారాతనిని లాస్ ఏంజిలిస్ క్లిప్పర్స్‌కు ఇచ్చి, ఒక్క యేడు మాత్రమాడిన షే గిల్జస్ అలెగ్జాండర్ అను యువకుని, మరియొక ఆటగానిని, అయిదు తొలివరుస వంతులను, వంతులు మార్చుకొను హక్కులు రెండింటిని పుచ్చుకొనిరి. 2020-21లో 72 ఆటలలో 50, మరుసటి యేడు 82లో 58 ఓడిరి. అభిమానులకు అది యెంత దుఃఖము! కాని 2022లో ఆ వంతులలో నొకదానితో జేలెన్ విలియమ్స్‌ను ఎన్నుకొనిరి. 2024-25లో 82 ఆటలలో 68 గెలిచి విజేతలైరి. గిల్జస్ అలెగ్జాండర్ ఆ యేటి ఉత్తముడు, తుదిపోటీలలోను ఉత్తముడు. జార్జి 2024లో క్లిప్పర్స్‌ను విడిచిపోవగా వారికి బదులేమియు రాలేదు. ఆయనతో వారొకమారైనను తుదిపోటీకి చేరలేదు.

బాస్టన్ సెల్టిక్స్‌వారిది మరియొక నీతి. పదునైదేండ్లు తమకు ఆడిన పాల్ పియర్సును, కెవిన్ గార్నెట్‌ను 2013లో బ్రూక్లిన్ నెట్స్‌కు ఇచ్చివేసిరి. వారిరువురును 2008లో విజేతృత్వము తెచ్చినవారే. కాని అప్పటికి పియర్సుకు ముప్పది యైదు, గార్నెట్‌కు ముప్పది యేడు సంవత్సరములు. పేరు నిలిచియున్నది, వయస్సు వాలినది. ఆ బేరమున వచ్చిన వంతులనుండియే 2016లో జేలెన్ బ్రౌన్, 2017లో జేసన్ టేటమ్ ఆ జట్టున కలిగిరి. వీరిరువురి మూలమున 2024లో బాస్టన్ మరల విజేత యయ్యెను. "దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను" అను సామెతకు ఇంతకంటె తగిన వ్యాఖ్య దొరకదు. బ్రూక్లిన్‌వారు చమురు తీరిన దీపమును కొని చీకటిపాలైరి.

ఈ కథ కింకొక మలుపు కలదు. 2024 ఫిబ్రవరిలో షికాగోవారికి మరల ఆ ప్రశ్నయే యెదురయ్యెను. ఈమారు పాడియావు వేరెవరో కాదు. నాటి కొసరు పిల్ల కాలియా కాపరే! ఆమెను ఫీనిక్స్ మెర్క్యురీ జట్టున కిచ్చి, ఇద్దరు క్రీడాకారిణులను, ఆ యేటి మూడవ వంతును, ఇంకను కొన్ని వంతులను పుచ్చుకొనిరి. మూడవ వంతుతో బ్రెజిలు దేశపు కమిలా కార్డోసోను తెచ్చుకొనిరి. షికాగో 2024లో 40 ఆటలలో 13, 2025లో 44 ఆటలలో 10 మాత్రమే గెలిచెను. ఫీనిక్స్ కాపర్‌తో 2025లో తుదిపోటీకి జేరెను. అందు ఓడినను అంతదూరము పోయెను. ఒకమారు ఫలించిన యుపాయము రెండవమారును వెంటనే ఫలించునను నియమము లేదని ఈ రెండేండ్లు తెలిపినవి. మొదటి బేరమునకు నాలుగేండ్ల గడువిచ్చిన మనము రెండవదానిని అప్పుడే తీసివేయుటయు న్యాయము కాదు గావున, ఇంతటితో ఊరకుందుము.

ఇన్ని కథలు విన్న పిదప మా యభిప్రాయము నడుగుదురేమో. యజమానులు మూడు ప్రశ్నలు వేసికొనవలెనని మేము తలంతుము. మొదటిది: ఆ మేటి మనసు మన యింటనున్నదా? ఉన్నదేని, వయసు వాలనిదేని, ఎన్ని పెయ్యలిచ్చినను బేరము వలదు. మనసు వేరొకచోట నున్నదేని, గడువు తీరకమునుపే మర్యాదగా పంపుట మేలు. చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొన్నచో ఫలమేమి?

రెండవది: వచ్చుచున్నది విత్తనమా, మొలకయా? డ్రాఫ్టు వంతు విత్తనము. ఎట్టి చెట్టగునో దైవమెరుగును. కాపర్, గిల్జస్ అలెగ్జాండర్ మొలకలు. ఒక యేడు ఆడి తమ ఆకులను చూపినవారు. ఒడిదుడుకులలో మొలకనే నమ్మవలెను. అదృష్టమెంత విచిత్రమో వినుడు: పురుషుల సంఘమున మొదటి వంతును చీట్లు వేసి నిర్ణయింతురు. 2019నాటి నిబంధనచే మిక్కిలి ఓడిన మూడు జట్లకును నూటికి 14 పాళ్లు చొప్పుననే ఆశ. 2025లో నూటికి 1.8 పాళ్లు మాత్రమే ఆశగల డాలస్ జట్టునకు మొదటి వంతు దక్కెను! కావలెనని ఓడి కూర్చున్నవారికి సయితము చీటి దక్కునను నమ్మకము లేదు.

మూడవది: పెంచు చేతులు మనకు కలవా? మంచి శిక్షకుడు, తొందరపడని యజమాని, ఓడినను వెంటనుండు ప్రజలు లేనిచోట ఎంత మంచి మొక్కయు వాడిపోవును. మూడు ప్రశ్నలలో ఇదియే పెద్దదని మా తలంపు. ఏలయన మొదటి రెండును ఇతరుల చేతిలోనివి, ఇది మన చేతిలోనిది.

ఇక మొదట చెప్పిన ఉపమానమును గూర్చి క్షమాపణ చెప్పుకొనవలసియున్నది. మనుష్యులు ఆవులు కారు, పెయ్యలును కారు. సౌలభ్యమునకై ఆ మాటలను వాడితిమి గాని వాడినకొలది మా మనసు నొచ్చినది. 2025 ఫిబ్రవరిలో డాలస్‌వారు ఇరువదియైదేండ్ల లూకా డాన్చిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చివేసినప్పుడు ఆ సంగతి ఆతనికి ముందుగా తెలియదట. ఊరి ప్రజలు వీధులలో నిలిచి ఆక్షేపించిరి. వారి దుఃఖము ఓటమి భయము మాత్రమే కాదు. మనవాడనుకొన్నవానిని చెప్పకయే పంపివేసితిరే యను బాధ. పుట్టిల్లు విడిచి పరాయియింట అడుగిడిన మనకు ఆ బాధ తెలియనిది కాదు. పంపుట తప్పనిసరియైనను ముఖము చూచి చెప్పి, సాగనంపుట మానవధర్మము.

డెల్లే డాన్ కథలో మాకు మిక్కిలి నచ్చిన దదియే. ఆమె కోరినది పెద్ద ఊరు కాదు, పెద్ద జీతము కాదు, ఇంటి చేరువ. ఆ కోర్కెను మన్నించిన షికాగోవారు నష్టపోలేదు. ఆమె ఇంటికి చేరువైనది, వాషింగ్టను గెలిచినది, పేరు లేని కాపర్ తన దినమును తాను చూచుకొన్నది. 2025లో డెల్లే డాన్ ఆటనుండి విరమించినప్పుడు రెండు ఊళ్లవారును ఆమెను తమదానిగనే తలచుకొన దగును. పాడి నిచ్చిన ఆవును మరువక, పెయ్యకు పచ్చిగడ్డి వేయ మరువక నడచుకొను ఇంట పాలు ఒకపూట తక్కువైనను, కుండ ఎన్నటికిని ఎండదు.